నునుపు వైపు, గరుకు వైపు

పెళ్ళయిన నాటి నుంచీ అత్తగారితో అల్లుడు మాట్లాడిన మాటలన్నీ మూటగడితే గుప్పెడు కావు. వాళ్ళ మధ్య తగువులేమీ లేవు. అతనికి మాటలు తక్కువ, ఆవిడకి మాటల మీద పట్టింపు ఎక్కువ, అంతే. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, తప్పు దిద్దకుండా ఉండలేదు. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతను ‘మిషనన్న’.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు అతను మంచి హుషారు మీద, మిషన్లో దారం ఎందుకు చిక్కుపడుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. “అసలు తప్పంతా సెటిల్‌లో ఉంటుందండీ” అన్నాడు.

“సెటిల్ కాదు బాబూ, షటిల్” అంది అత్తగారు, మెత్తగానే.

ఆ రోజుతో అతని నోరు నిజంగానే సెటిలైపోయింది. ఆ తర్వాత ఆవిడ ఎదుట పడితే “ఆఁ”, “ఊఁ”, “సరేనండీ” తప్ప నాలుగో మాట పుట్టేది కాదు. కనీసం ‘అత్తయ్యా’ అని నోరారా పిలిచిన పాపాన కూడా పోలేదు.

అలాంటి ఆవిడకి చూపు తగ్గుతూ వచ్చింది. మొదట అక్షరాల మధ్యలో మసక. తర్వాత మనుషుల ముఖాల మధ్యలో మసక. చివరికి వెలుగూ నీడా తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక్కతే ఉండటం కుదరక ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేసింది.

కూతురు పిల్లల ఆసుపత్రిలో నర్సు. పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాదు. దాంతో పగలంతా ఇంట్లో వీళ్ళిద్దరే. ముందుగదిలో అతను, వెనకగదిలో ఆవిడ. మధ్యలో ఒక గోడ, ఒక గుమ్మం, బోలెడంత మర్యాద.

“టీ తెచ్చానండీ.”

“అక్కడ పెట్టండి బాబూ.”

“వేడిగా ఉందండీ.”

“సరే బాబూ.”

రోజూ ఇదే పాట. రెండో చరణం లేదు.

ఒక మధ్యాహ్నం ఖాళీ గ్లాసు తీసుకెళ్దామని వచ్చిన అల్లుడికి బల్ల మీద ఒక చిన్న పడవ కనిపించింది. మందుల పెట్టెలో మడిచిపెట్టి వస్తుందే, చీమతలకాయంత అక్షరాలతో ఒక పల్చటి కాగితం, దాంతో చేసిన పడవ. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. అతను దాన్ని వేలిమీద పెట్టుకుని చూశాడు. చూపున్నవాడు తీరిగ్గా కూర్చుని చేసినా అంత తీరుగా రాదు.

“ఇది మీరే చేశారాండీ?”

ఆవిడ చేతులు ఒళ్ళోకి లాక్కుంది, పట్టుబడిపోయిన పిల్లలా. “ఏదో అలవాటు బాబూ. బడిలో పిల్లలకి కాగితాలు మడిచి బొమ్మలు చేయడం నేర్పేదాన్ని. ఒరిగామి అంటారు. చెయ్యి ఊరుకోదు. చెత్తబుట్టలో పడేయండి.”

అతను పడేయలేదు. కానీ పైకి “సరేనండీ” అనేసి వచ్చాడు.

అప్పటినుంచి అతని చూపు ఆవిడ వేళ్ళ మీద పడింది. దుప్పటి అంచు దొరికితే దుప్పటి అంచు, తుడుచుకునే తువ్వాలైతే తువ్వాలు, ఏది దొరికితే దాన్ని మూలకి మూల కలిపి మడిచి గోటితో రుద్దుతూనే ఉంటుంది. గుడ్డ పెట్టకుండా మిషన్ తొక్కితే సూది ఊరికే పైకీ కిందకీ ఆడుతుంది. ఆవిడ వేళ్ళు చూస్తే అతనికి అదే గుర్తొచ్చేది. ఉత్తినే ఆడే సూదిని చూస్తూ కూర్చోవడం అతనికి చేతకాదు.

మర్నాడు బజారుకెళ్ళి, బహుమతులకి చుట్టే కాగితాల్లో అన్నిటికంటే మెరిసేది తెచ్చాడు. చతురస్రాలుగా కత్తిరించి ఆవిడ ముందు పెట్టాడు. పెట్టి, పరీక్ష రాసినవాడిలా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ ఒకటి తీసుకుంది. వేళ్ళ మధ్య జారనిచ్చింది. మడిచింది. మడత దగ్గర పైపూత చిట్లి పొట్టులా వేళ్ళకంటింది. చెయ్యి తీయగానే ఆ మడత మెల్లగా విచ్చుకుని మళ్ళీ మొదటికొచ్చింది.

“ఎలా ఉందండీ?”

“మెరుస్తోందా?” అంది.

“బాగా మెరుస్తోందండీ.”

“అది తెలుస్తోంది. మెరిసే వాటికి మాట మీద నిలబడటం రాదు బాబూ.” అతని ముఖం ఆవిడకి కనపడకపోయినా, ఆ మౌనం వినపడినట్టుంది. వెంటనే గొంతు మార్చింది. “కూర్చోండి. మంచి కాగితం ఎలా ఉండాలో తెలుసా? మందంగా ఉంటే మడతమీద మడత పడేసరికి వీపు పగులుతుంది. మరీ పల్చనైతే పక్షి మెడ వాలిపోతుంది, జ్వరమొచ్చిన కోడిలాగా. పల్చగా ఉండాలి, గట్టిగా ఉండాలి. ఒకసారి మడిచామా, తెరిచాక కూడా ఆ గీత దానికి గుర్తుండాలి.”

అంత పొడుగు మాట ఆవిడ అతనితో మాట్లాడటం అదే మొదలు. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు కూడా.

ఆ తర్వాత తెచ్చినవి కాస్త నయం. ఒకవైపు రంగు, ఒకవైపు తెలుపు ఉన్న పల్చటి కాగితాలు. ఆవిడ పూర్తిగా రెండు రోజులు వాటితోనే గడిపింది. కూతురు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కిటికీ గట్టు మీద కొంగలు బారులు తీరి ఉన్నాయి. ఆవిడ ముఖంలో ఎన్నాళ్ళకో ఒక వెలుగు.

“అబ్బ, ఎంత బాగున్నాయమ్మా!” అంటూ కూతురు ఒకటి తీసుకుంది. “అయ్యో, దీనికి తెల్లది బయటికొచ్చేసిందే. ఇదీ అంతే. ఇదొక్కటి ఎరుపు బయటికుంది...”

అని, నాలుక కరుచుకుంది. కానీ జారిన మాటని కొంగలా రెక్క పట్టుకుని వెనక్కి లాగలేం కదా.

 అత్తగారు బల్ల మీదున్న కాగితాలన్నీ ఒక దొంతరగా సర్ది, అంచులు తట్టి సమం చేసి, పక్కకి నెట్టేసింది. “ఏది బొమ్మో ఏది బొరుసో తెలియని దానికి ఈ వేషాలెందుకులే” అంది. నవ్వుతూనే అంది. అదే కూతురికీ అల్లుడికీ ఎక్కువ గుచ్చుకుంది.

వంటింట్లో కూతురు కళ్ళు తుడుచుకుంది. “ఏవండీ, నా నోరు పడిపోను. ఎందుకన్నానో ఆ మాట.”

“నువ్వన్నది తప్పు కాదు, కాగితానిదే తప్పు” అన్నాడు అల్లుడు. ఓదార్పు కోసం అన్నదే. కానీ అన్నాక తనకే అది నిజమనిపించింది. ఆ కాగితం రెండు వైపులూ తడిమి చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా అంతా రంగులోనే ఉంది. చూపులేని మనిషి చేతికి ఆ కాగితానికి రెండు వైపులు లేవు, ఒక్కటే వైపు.

ఆ వారమంతా ఆవిడ కాగితం జోలికి పోలేదు. వేళ్ళు దుప్పటి అంచు జోలికి కూడా పోలేదు. అది అతనికి మరీ కష్టంగా ఉంది.

సెలవు రోజున దుకాణం మూసి, బజారు వీధి చివర కాగితాల కొట్టుకి వెళ్ళాడు. కొట్టు యజమానురాలు భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. నిలువెత్తు అరల్లో రీములు, చుట్టలు, కట్టలు. ఆ కాగితాల వాసన మధ్య ఆవిడ గల్లా వెనక బండరాయిలా కూర్చుని ఉంటుంది.

“ఏం కావాలి నాయనా?”

“అన్ని రకాలూ ఒక్కొక్కటి చూపిస్తారాండీ?” అని, అతను కౌంటర్ ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ కంగారుపడింది. “ఏమైంది? ధర విని కళ్ళు తిరిగాయా?”

“మీరింకా ధర చెప్పలేదండీ.”

“అందుకే అడుగుతున్నా. చెప్పకముందే ఇలా అయితే, చెప్పాక ఎలా?”

అతను కళ్ళు తెరవకుండానే విషయం చెప్పాడు. తడిమితే రెండు వైపులకీ తేడా తెలియాలి. పల్చగా ఉండాలి, గట్టిగా ఉండాలి, మడత గుర్తుండాలి. మా అత్తగారికి చూపు లేదు. కాగితం బొమ్మలు చాలా బాగా చేస్తుంది. ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు.  గల్లా వెనక స్టూలు కిర్రుమన్న చప్పుడైంది. యజమానురాలు లేచి నిలబడిందన్నమాట.

“ఇన్నేళ్ళ వ్యాపారంలో అందరూ కళ్ళతో కొనేవాళ్ళే గానీ, కళ్ళు మూసుకుని కొనేవాణ్ణి నిన్నే చూశాను. సరే, చెయ్యి చాపు.”

ఒక్కొక్కటే చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. బొమ్మలు గీసే దళసరి కాగితం, మడవగానే ‘టప్’మంది. పత్రికలు అచ్చువేసేది, ముట్టుకుంటేనే నలిగింది. నూనె కాగితంలా గలగలలాడేది ఒకటి, రెండు వైపులా ఒకే జారుడు. ముడతల కాగితం, మెత్తగానే ఉంది గానీ లాగితే సాగింది. “ఇది మా అల్లుడిలాంటిది, దేనికీ పనికిరాదు” అందావిడ దాన్ని వెనక్కి తీసుకుంటూ. ఈ అల్లుడు మాత్రం తర్వాతి కాగితం కోసం చెయ్యి చాపాడు.

మధ్యాహ్నం దాటింది. కౌంటర్ మీద కాగితాలు గుట్టపడ్డాయి. ఒక్కటీ కుదరలేదు. అతను నిరాశగా చెయ్యి పక్కకి వాల్చాడు. ఆ చెయ్యి, అప్పుడే వచ్చి దిగిన ఒక కట్ట మీద పడింది. వేళ్ళు ఆగిపోయాయి. కట్ట చుట్టిన కాగితం పైన నున్నగా ఉంది, పాలిష్ పట్టినట్టు. చిరిగి వేలాడుతున్న మూలని తిప్పి లోపలి వైపు తడిమాడు. సన్నగా గరుకు.

“ఇదేంటండీ?”

“అది అమ్మేది కాదు నాయనా. అమ్మేవాటికి చుట్టేది.”

“ఇదే కావాలండీ.”

ఆవిడ ఆ ముక్క చింపి, తనూ కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య రాసి చూసుకుంది. “నిజమే” అంది మెల్లగా. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ ఒక చుట్ట మోసుకొచ్చింది. అదే రకం, కానీ నునుపు వైపు మట్టిరంగు కాదు, ముదురు నీలం. “ఎప్పుడో ఎవరో తెప్పించుకుని పట్టుకుపోలేదు. మీ అత్తగారి చేతికి రాసిపెట్టి ఉంది.”

ఇంటికొచ్చి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగాడు. మిషన్ నూనె అంత సులువుగా వదలదు. బల్ల మీద అట్ట పరిచి, ఇనుప కొలబద్ద పెట్టి, మూలమట్టం ఆనించి, బ్లేడుతో కోశాడు. మరి ఇప్పుడు ఎలా ఇవ్వాలి? ‘మళ్ళీ తెచ్చానండీ’ అంటే ‘వద్దు బాబూ’ అంటుంది. ఆవిడ వద్దంటే కాదనే ధైర్యం అతనికి ఈ జన్మకి లేదు.

అందుకని గుమ్మానికి ఇవతల, ఆవిడకి వినపడేంత దూరంలో కూర్చుని, తనే మడవడం మొదలుపెట్టాడు.

సూది మొనంత స్క్రూలు తిప్పే వేళ్ళే అవి. కాగితం దగ్గరికొచ్చేసరికి మొద్దుబారిపోయాయి. మడిచాడు, వంకరపోయింది. విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఇంకొకటి తీసుకున్నాడు. గది అంతా పరపరా చప్పుడు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అతను మూడో కాగితాన్ని కూడా పాడుచేశాడు.

“కాగితాన్ని మడుస్తున్నారా, బట్టలుతుకుతున్నారా?” అంది లోపలి నుంచి గొంతు.

“కొంగ రావడం లేదండీ.”

“ఎలా వస్తుంది? అలా పీక పిసికితే ఏ కొంగైనా పారిపోతుంది.” కుర్చీ జరిగింది. గోడ తడుముకుంటూ ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. అతను లేచి స్టూలు అందించాడు. ఆవిడ కూర్చుని చెయ్యి చాపింది. “ఏదీ, ఇటివ్వండి.”

కొత్త కాగితం ఒకటి ఆ చేతిలో పెట్టాడు.

ఆవిడ బొటనవేలు పైన, చూపుడువేలు కింద. రెండు వేళ్ళూ ఒకసారి కదిలాయి. ఆగాయి. కాగితం తిప్పింది. మళ్ళీ కదిలాయి. ఆవిడ తల ఒక పక్కకి వంచింది, దూరంగా ఎవరో పిలిస్తే విన్నట్టు.

“ఇది నునుపు” అంది. తిప్పి, “ఇది గరుకు.”

“నునుపు వైపు బయటికి రావాలండీ.”

 ఆవిడ మూలకి మూల చేర్చి ఒక మడత వేసింది. గోటితో గీసింది. తెరిచి, ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. గీత అక్కడే ఉంది.

“ఎలా వెతికారు దీన్ని?”

“కళ్ళు మూసుకుని అత్తయ్యా” అన్నాడు.

ఆ పిలుపు అతనికి తెలియకుండానే వచ్చేసింది. ఆవిడ కాగితం మీద వేలు నిలిపింది. ఇంకోసారి మూలలు కలిపి చూసి, ఉన్నట్టుండి నుదురు చిట్లించింది.

“ఈ మూల వెంట్రుకవాసి ముందుకొచ్చింది.”

“మూలమట్టం పెట్టి కోశానండీ!” పనివాడిగా అతనికి పౌరుషమొచ్చింది.

“మూలమట్టం మంచిదే అయ్యుంటుంది. నీ చెయ్యే జరిగుంటుంది. రా, ఇలా కూర్చో. ముందు ఇది నేర్చుకో.”

‘నీ చెయ్యి’ అంది. ‘రా’ అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. అతని చిన్నప్పుడే తల్లి పోయింది. అతన్ని ఆ వయసు ఆడమనిషి ‘రా, ఇలా కూర్చో’ అని ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. వచ్చి కింద కూర్చున్నాడు. ఆవిడ అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళ మీద వేళ్ళు పెట్టి, మడత ఎక్కడ మొదలవ్వాలో చూపించింది. “కాగితాన్ని లాగకు. మూలని మూల దగ్గరికి తీసుకెళ్ళి అక్కడ వదిలిపెట్టు. మిగతాది అదే పడుకుంటుంది, నిద్రొచ్చిన పిల్లలాగా.”

సాయంత్రం కూతురు వచ్చేసరికి ముందుగదిలో నేలంతా నీలం ముక్కలు. తల్లి పగలబడి నవ్వుతోంది. భర్త చేతిలో కొంగ కాని కొంగ ఒకటి ఉంది. “ఏంటిది?” అందామె. “మీ ఆయన చేసిన గేదె. గుడ్డిలో మెల్ల, తోకొక్కటి కుదిరింది” అంది తల్లి. తన మీద తనే ఆ జోకు వేసుకునేసరికి, కూతురు చెప్పులైనా విప్పకుండా అక్కడే చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా.

కొన్నాళ్ళకి ఇంట్లో కొంగలకి చోటు చాలక కూతురు సంచీ నిండా ఆసుపత్రికి పట్టుకెళ్ళింది. ఒకరోజు వచ్చి, “అమ్మా, నువ్వొకసారి రావాలి” అంది. వార్డులో ఒక చిన్నపిల్ల ఉంది. దెబ్బ తగిలి ఒక కంటికి ఆపరేషన్ చేశారు. రెండో కన్ను కదిలితే ఇదీ కదులుతుందని రెండింటికీ కట్టు కట్టారు. ఆ పిల్ల తిండి తినదు, మందు మింగదు, ఎవరు ముట్టుకున్నా అరిచి గోల చేస్తుంది.

“నేనొచ్చి ఏం చేస్తానే?”

“ఏమో. నువ్వు టీచరువి కదా.”

అల్లుడు స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. వార్డులో మంచం పక్కన కుర్చీ చూసి కూర్చోబెట్టి, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టి, వెనక నిలబడ్డాడు.

“ఎవరు?” అంది పిల్ల, దుప్పటి మెడదాకా లాక్కుని.

“నేనూ నీలాంటిదాన్నే. నాకూ ఏమీ కనపడదు.”

పిల్ల అరవబోయి, ఆగి ఆలోచించింది. “నీకూ కట్టు కట్టారా?”

“లేదు. కట్టు లేకుండానే.” ఆవిడ ఒక కాగితం దుప్పటి మీద పెట్టింది. “ఇది చూడు. వేలితో చూడు. ఒకవైపు జారుడుబల్లలా ఉంటుంది. ఇంకోవైపు పిల్లి నాలుకలా ఉంటుంది. ఏది ఏదో చెప్పగలవా?”

దుప్పటి కింద నుంచి చిన్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది. కాగితాన్ని తడిమింది. “ఇది పిల్లి” అంది.

“శభాష్. పిల్లిని లోపల దాచేద్దాం, దొరక్కుండా.”

ఆ పూట ఇద్దరూ కలిసి ఒక పక్షి చేశారు. ఆ పిల్ల దాన్ని గుప్పిట్లో పెట్టుకునే అన్నం తింది. తిన్నాక అడిగింది, “ఇది ఏ రంగు?”

అత్తగారు నోరు తెరిచి, ఆగింది. ఇన్నాళ్ళుగా మడుస్తోంది గానీ ఆ మాట అడగాలని ఆవిడకే తోచలేదు. వెనకనున్న అల్లుడు చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

“నాకూ తెలియదమ్మా. నీ కట్టు విప్పాక నువ్వే చూసి నాకు చెప్పు. నేను ఎదురుచూస్తుంటాను.”

కట్టు విప్పిన రోజు కబురొచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వెలుగుకి కళ్ళు చికిలిస్తూ, పక్షిని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. గుమ్మం దగ్గర అత్తగారి గొంతు వినపడగానే తలెత్తి, “టీచర్ వచ్చింది!” అని అరిచింది.

“చెప్పు మరి. ఏ రంగు?”

పిల్లకి రంగుల పేర్లు ఇంకా సరిగ్గా రావు. చాలా ఆలోచించి, “మా నాన్న చొక్కా రంగు” అంది.

వాళ్ళ నాన్న పనికి వెళ్ళాడు. మంచం దగ్గర చొక్కా లేదు, నాన్న లేడు. అల్లుడు ‘నీలం’ అనబోయి, అత్తగారి ముఖం చూసి ఊరుకున్నాడు. తప్పు దిద్దే ఆవిడ ఇక్కడ ఏం దిద్దుతుందా అని చూశాడు. ఆవిడ ఏమీ దిద్దలేదు. పిల్ల చేతిలోంచి పక్షిని తీసుకుని, రెక్క మీద వేలు పెట్టి, ఆ రంగుని కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

“మీ నాన్న చొక్కా బాగుంటుందా?”

“చాలా” అంది పిల్ల.

“అయితే మంచి రంగే” అంది అత్తగారు.